‘సె’ కనిపించగానే ‘తన్ను తాను’ అనకు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన స్పానిష్ కథ అనువాదాన్ని మూలం పక్కన పెట్టుకుని చదివాను. మొదటి పేజీలోనే ‘ఆమె తన ముఖాన్ని తానే కడిగింది’ అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. మూలంలో ఉన్నది ‘సె లబో లా కారా’. ఈ ‘సె’ స్పానిష్ క్రియకు తోడుగా వచ్చే చిన్న సర్వనామం; నిఘంటువులో క్రియ చివర అతుక్కుని కనిపిస్తుంది. దానికి ‘ముఖం కడుక్కుంది’ అంటే సరిపోయేది. ఎవరి ముఖమో మనమూ చెప్పం, స్పానిష్ వాళ్లూ చెప్పరు. ‘లబార్’ కడగడం, ‘లబార్సే’ కడుక్కోవడం. మన ‘కొను’ ఇంత సిద్ధంగా ఉండగా, నువ్వు ఇంగ్లీషు పాఠ్యపుస్తకంలోంచి ‘తన్ను తాను’ను మోసుకొచ్చావు.

అలాగని ‘సె’ అంటే ‘కొను’ అని సూత్రం రాసుకున్నా చిక్కే. ‘ఈర్’ వెళ్లడమైతే ‘ఈర్సే’ వెళ్లిపోవడం. ‘కెదార్సే’ ఒక చోట ఉండిపోవడం. ఇక్కడ ఆదుకునేది ‘పోవు’. ‘కొమేర్’ తినడం, ‘కొమేర్సే’ ఉన్నదాన్ని కాస్తా తినేయడం. అందుకే దీని వెంట ఫలానా యాపిల్ అనో, పళ్లెంలోది అంతా అనో తేల్చి చెప్పే కర్మ ఉంటుంది. ఫిర్యాదు చేయడాన్ని చెప్పే ‘కెఖార్సే’ అయితే ‘సె’ లేకుండా వాడుకలోనే లేదు. ‘వాపోవు’లోంచి ‘పోవు’ను విడదీయలేనట్టే దాన్నీ విడదీసి అర్థం వెతకకు. ‘అకోర్దార్’ది మరీ తిరకాసు: ‘సె’ లేనప్పుడు ఒప్పందానికి రావడం, ఉన్నప్పుడు గుర్తుంచుకోవడం. ఇలాంటివి నిఘంటువులో రెండు వేర్వేరు మాటలుగా చూసుకోవలసిందే.

నా మొదటి అనువాదంలో ‘సె మతో ఎన్ లా కర్రెతేరా’ అన్న వాక్యం వచ్చింది. ‘మతార్’ అంటే చంపడం కనుక, నేను ధైర్యంగా ‘రోడ్డు మీద ఆత్మహత్య చేసుకున్నాడు’ అని రాసేశాను. ఆ మనిషి రోడ్డు ప్రమాదంలో పోయాడు. అచ్చయ్యాక ఒక పాఠకుడు ఉత్తరం రాసేదాకా నాకు తెలియలేదు. కథలో తల్లి దుఃఖం మొత్తం నా వల్ల మరో రకంగా మారిపోయింది.

నీ నాలుగో పేజీలో పనిపిల్ల యజమానురాలి ముందు నిలబడి అనే మాట కూడా అలాంటిదే. ‘సె మె కయో ఎల్ బాసో’ అంటుంది. ఆ వాక్యంలో కర్త గ్లాసు. పిల్ల కేవలం ‘మె’గా, అంటే ‘నాకు’గా, ఆ నష్టం తగిలిన మనిషిగా మాత్రమే ఒక పక్కన నిలబడి ఉంది. నువ్వు ‘నేను గ్లాసు పడేశాను’ అని రాసి, ఆ పిల్ల ఒప్పుకోని నేరాన్ని దానిచేత ఒప్పించావు. ‘గ్లాసు చేతిలోంచి జారిపోయిందమ్మా’ అని రాసి, ఆ పైన యజమానురాలి కోపం ఎలా వినిపిస్తుందో చూసి, పేజీ మళ్లీ పంపు.