స్నానం చేయించడం కన్నా ఆరబెట్టడానికే ఎక్కువ టైమ్ పెట్టు

చిరంజీవి అమ్మాయికి, అత్తయ్య ఆశీస్సులు.

ప్రతి ఆదివారం స్నానం చేయిస్తున్నా మంగళవారానికల్లా మీ గోల్డెన్ రిట్రీవర్ కుక్క దగ్గర ముక్కిన వాసన వస్తోందని రాశావు. షాంపూ మార్చాలా, హెయిర్ డ్రయ్యర్ వాడొచ్చా అని అడిగావు. షాంపూ సంగతి తర్వాత చూద్దాం తల్లీ. నాకు అనుమానమంతా తడి మీదే.

మీ వాడికి బొచ్చు రెండు పొరలుగా ఉంటుంది. పైకి కనిపించే పొడుగు వెంట్రుకలు నీటిని జార్చేస్తాయి, తొందరగా ఆరతాయి. వాటి కింద చర్మాన్ని అంటిపెట్టుకుని మెత్తగా, ఒత్తుగా ఇంకో పొర ఉంటుంది. అది గంటల తరబడి తడిని పట్టి ఉంచుతుంది. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, పొమరేనియన్, హస్కీ, వీటన్నిటికీ ఇంతే. నువ్వు వీపు నిమిరి పొడిగా ఉందనుకుని వదిలేస్తావు. లోపల చర్మం మాత్రం తడిగా, వెచ్చగా ఉండిపోతుంది. చర్మం మీద మామూలుగా ఉండే బ్యాక్టీరియా, ఈస్టు అక్కడ విపరీతంగా పెరుగుతాయి. ఆ వాసన వాటిదే. వాసనతో పోతే ఫర్వాలేదు గానీ, ఆ చోట దురద పుట్టి వాడు నాకడం, గోకడం మొదలుపెడితే గంటల్లోనే చర్మం ఎర్రబడి, రసి కారే పుండు అవుతుంది. దాన్నే హాట్ స్పాట్ అంటారు. ముట్టుకోనివ్వనంత నొప్పిగా ఉంటుంది.

ఇంకో మాట. చర్మవ్యాధి ఏదీ లేని కుక్కకు వారం వారం స్నానం అక్కర్లేదు. బురదలో పొర్లి వస్తే తప్ప నెలకోసారి చాలు. ఆ ఒక్కసారీ తీరిగ్గా ఆరబెట్టే వీలున్న రోజు పెట్టుకో.

ఒంటి మీద నీళ్లు పోయకముందే బొచ్చంతా దువ్వు. చిక్కులు తడిస్తే ఇంకా బిగుసుకుని అట్టలు కడతాయి. ఆ అట్టల కింద తడి ఎంత గాలి కొట్టినా ఆరదు. వాడు పిల్లిమొగ్గలు వేస్తున్నా, విసుక్కున్నా సరే, చెవుల వెనకా చంకల్లోనూ దువ్వెన ఆగకుండా పోయేదాకా వదలొద్దు.

స్నానం అయ్యాక అక్కడే నిలబెట్టి వీపు నుంచి కాళ్ల దాకా, తోక చివరి దాకా చేత్తో నీళ్లు పిండెయ్. వాడు ఒళ్లు విదిలించుకుంటానంటే విదిలించుకోనీ, గోడలు తర్వాత తుడుచుకోవచ్చు. ఆ విదిలింపుతో పోయినంత నీరు తువ్వాలుతో పోవడానికి చాలాసేపు పడుతుంది. తర్వాత తువ్వాలు వేసి అద్దాలి. పొట్టి బొచ్చు కుక్కలనైతే రుద్దినా ఏం కాదు. పొడుగు బొచ్చును రుద్దితే మళ్లీ చిక్కులు పడతాయి. తువ్వాలు తడిసిపోగానే మార్చు. మైక్రోఫైబర్ తువ్వాళ్లు నీటిని బాగా పీలుస్తాయి, అలాంటివి రెండు మూడు వాడి కోసం విడిగా ఉంచుకో. కాళ్ల కింద రబ్బరు మ్యాట్ వేస్తే జారదు, జారకపోతే కంగారు పడదు.

ఇక హెయిర్ డ్రయ్యర్. వాడొచ్చు, కానీ వేడిగా వద్దు. మనలాగా కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల అడుగున కొంచెం పడుతుందంతే. ఒంట్లో వేడి పోవడానికి దానికున్న ముఖ్యమైన దారి రొప్పడమే. దాని మామూలు ఉష్ణోగ్రతే 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది, పైన ఇంకా వేడి తట్టుకునే వెసులుబాటు తక్కువ. పైగా బొచ్చు కింద చర్మం కాలినా వెంటనే కనబడదు, కొన్ని రోజులకు అక్కడ తోలు ఊడి వచ్చాక తెలుస్తుంది. అందుకే చల్లగాలి బటన్ పెట్టు, అది లేకపోతే అన్నిటికన్నా తక్కువ వేడి. డ్రయ్యర్‌ను జానెడు దూరం పైనే ఉంచి, ఒకేచోట ఆపకుండా కదుపుతూ ఉండు. రెండో చెయ్యి గాలి తగిలేచోటే బొచ్చులో పెట్టి ఉంచు. నీ చేతికి చురుక్కుమంటే వాడికి ఎప్పుడో చురుక్కుమన్నట్టే. పగ్, బుల్‌డాగ్, షీ ట్జూ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు వేడిగాలి అసలు పెట్టకూడదు. ఏ కుక్కనైనా బోనులో పెట్టి వేడిగాలి వదిలి పక్కకు వెళ్లడం ప్రాణాంతకం. వాడు విపరీతంగా రొప్పినా, చొంగ కార్చినా, నాలుక ముదురు ఎరుపెక్కినా, తూలినా వెంటనే ఆపి మామూలు నీళ్లతో ఒళ్లు తడుపుతూ గాలి తగిలేలా చూసి, డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

మీ వాడంత బొచ్చున్న కుక్కకు పెంపుడు జంతువుల కోసం అమ్మే బ్లోయర్ కొనడం మంచిదని నా అభిప్రాయం. అది వేడితో కాకుండా గాలి వేగంతో నీటిని తోసేస్తుంది. గాలి తగిలేచోట బొచ్చు విడిపోయి చర్మం కనబడుతుంది కాబట్టి ఎక్కడ ఆరిందో ఎక్కడ ఆరలేదో కళ్లకే తెలుస్తుంది. తక్కువ వేగంతో వెనక కాళ్ల దగ్గర మొదలుపెట్టి ముందుకు రా. మొహం మీదకీ చెవుల్లోకీ కొట్టొద్దు, అక్కడ తువ్వాలే. దాని మోతకు కుక్కలు బెదురుతాయి. స్నానానికి కొన్ని రోజుల ముందు నుంచే పక్క గదిలో ఆన్ చేసి, ఇక్కడ వాడికి ఇష్టమైనది తినిపిస్తూ అలవాటు చెయ్. తోక ముడుచుకుని వణికితే ఆ రోజుకు మానెయ్, తువ్వాలూ ఫ్యానూ చాలు. కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

ఇక చెవులు. కుక్క చెవి లోపలి దారి కిందికి దిగి పక్కకు మలుపు తిరుగుతుంది. లోపలికి పోయిన నీరు బయటికి రావడం కష్టం, పైగా మీ వాడి చెవులు వేలాడే రకం. స్నానానికి ముందు చెవి మొదట్లో దూది ఉంచి, అవ్వగానే గుర్తుపెట్టుకుని తీసెయ్. నీ వేలు అందినంత వరకే పొడి గుడ్డతో తుడువు. ఇయర్ బడ్స్ లోపలికి దూర్చొద్దు.

ఎండలో కట్టేసి ఆరబెడదామనుకోకు, కాలే నేల మీద పాదాలు బొబ్బలెక్కుతాయి. అలాగని చన్నీళ్లు పోసి తడిగా వదిలేయనూ వద్దు. రిట్రీవర్లకు చన్నీళ్ల తర్వాత కొన్నిసార్లు తోక కండరాలు పట్టేసి తోక వేలాడిపోతుంది. కొన్ని రోజుల్లో సర్దుకుంటుంది గానీ, పాపం చాలా నొప్పి.

ఆరిందో లేదో చూడటానికి డ్రయ్యర్ ఆపి ఐదు నిమిషాలు ఆగు. వెచ్చగా ఉన్నప్పుడు తడి బొచ్చు కూడా పొడిగానే అనిపిస్తుంది. తర్వాత వేళ్లు చర్మం దాకా పోనిచ్చి చూడు. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. చెవుల వెనక, మెడ కింద, చంకలు, తొడల మధ్య, తోక మొదలు, కాలి వేళ్ల సందులు, వీటిని మర్చిపోవద్దు. అన్నీ ఆరాకే మెడకు పట్టీ వెయ్. త్వరగా ఆరుతుందని బొచ్చు గొరిగించే ఆలోచన మాత్రం పెట్టుకోకు, ఎండ నుంచి చర్మాన్ని కాపాడేది అదే.

స్నానం అయిన ఒకటి రెండు రోజుల్లో వీపు ముట్టుకుంటే అరిచినా, జ్వరంతో నీరసంగా పడుకున్నా ఆ రోజే డాక్టరుకు చూపించు, ఫలానా రోజు స్నానం చేయించామని కూడా చెప్పు. వెంట్రుకల కుదుళ్లలోకి ఇన్ఫెక్షన్ దిగితే అలా అవుతుంది, దానికి ఇంటి వైద్యం పనికిరాదు. ఇంత జాగ్రత్తగా ఆరబెట్టాక కూడా వాసన వస్తుంటే చెవులూ, పళ్లూ, చర్మమూ ఒకసారి డాక్టరుకు చూపించి, షాంపూ సంగతి ఆయన్నే అడుగు.

ఉంటాను,
మీ అత్తయ్య