మూడో నెల మందు గురించి మీ ఆయన్నే అడగండి

ప్రశ్న: మాది చిత్తూరు దగ్గర పల్లె. మా ఆయన ప్రైవేటు స్కూల్లో బయాలజీ టీచర్. ఇద్దరు ఆడపిల్లలు. ఇప్పుడు నాకు పదో వారం. మూడో నెల నిండేలోపు నాటుమందు మింగితే మగబిడ్డ అవుతుందని మా అత్త పట్టుబడుతోంది. కాణిపాకంలో మొక్కుకుంది కూడా. ఆరు వారాల దాకా పిల్లలందరూ ఆడపిల్లలేనని ఫోన్లో వీడియో చూపించింది. మందు పొట్లం దేవుడి గూట్లో పెట్టింది. మా ఆయనేమో ‘అమ్మ సంతోషం కోసం మింగేయ్, ఏమీ కాదులే’ అంటాడు. మింగొచ్చా?

జవాబు: మింగొద్దమ్మా. ఇలా మగబిడ్డ కోసమని అమ్మే మందుల్ని హర్యానాలో పరీక్షిస్తే, హార్మోన్లలా పనిచేసే పదార్థాలు బయటపడ్డాయి. ఇప్పటికే ఒక్క మోతాదు మింగి ఉన్నా దాచకుండా డాక్టరుకు చెప్పండి, పొట్లం చూపించండి. మొక్కు అంటారా, మొక్కుకోనీండి. అది కడుపులోకి పోయేది కాదు.

ఆ వీడియో సంగతి. గర్భం నిలిచినప్పుడే బిడ్డ క్రోమోజోముల జత ఎక్స్‌ఎక్సా (ఆడ), ఎక్స్‌వైయా (మగ) అనేది తేలిపోతుంది. వై వచ్చేది తండ్రి నుంచే. తర్వాత కొన్ని వారాలు బిడ్డలో ఉండేది వృషణంగానైనా అండాశయంగానైనా మారగల బీజకోశం. దాన్ని ఆడదీ అనలేం, మగదీ అనలేం. చివరి నెలసరి నుంచి డాక్టర్లు లెక్కేసే ఎనిమిదో వారం ప్రాంతంలో వై మీదున్న ఎస్‌ఆర్‌వై జన్యువు సాక్స్9 అనే ఇంకో జన్యువును లేపుతుంది, వృషణాలు తయారవడం మొదలవుతుంది. వై లేని బిడ్డలో వింట్4, ఆర్‌స్పో1 లాంటి జన్యువులు సాక్స్9ను లేవనీకుండా అణిచి, పనిగట్టుకుని అండాశయాల్ని తయారుచేస్తాయి. మగబిడ్డ కాలేకపోయి మిగిలిపోయిన బిడ్డ కాదు ఆడపిల్ల. ఈ మాట మీ ఇంట్లో గట్టిగా చెప్పండి, మీ పిల్లలిద్దరూ వినేలా.

ఎస్‌ఆర్‌వైని 1990లో కనిపెట్టారు. మరుసటి ఏడాది ఎక్స్‌ఎక్స్ ఎలుకలో ఆ జన్యువు పెడితే మగ ఎలుకే పుట్టింది. అయితే దాన్ని ఒకే కణంగా ఉన్న పిండంలోకి సూదితో ఎక్కించారు, తల్లి ఎలుక నోట్లో పసరు పోయలేదు. మీకు పదో వారం వచ్చేసింది. మందు పనిచేసేదే అయినా సమయం దాటిపోయింది.

అసలు ఇదంతా నేను చెప్పడమేంటి? చెప్పాల్సినవాడు మీ ఇంట్లోనే ఉన్నాడు. ఏటా పదో తరగతికి అనువంశికత పాఠంలో బోర్డు మీద ఎక్స్, వై గీసి, బిడ్డ ఆడా మగా అన్నది తండ్రి క్రోమోజోమును బట్టేనని చెబుతాడు. తప్పు రాసిన పిల్లాడికి మార్కు కోస్తాడు. ఇంటికొచ్చి చెప్పులు విప్పేసరికి ఆ పాఠం ఏమైపోతోంది?

మీ అత్తగారిని వెనకేసుకు రావడం లేదు గానీ, ఆమె మనసులో ఉన్నదే అంటోంది. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ ఆయనకు మగబిడ్డ కావాలో వద్దో అందులో ఎక్కడా లేదు. మీరు అడగలేదు, ఆయన చెప్పలేదు. తన కోరికనే ‘అమ్మ సంతోషం’ అంటున్నాడని నా అనుమానం. తల్లికి నచ్చజెప్పడం కొడుకు పని, కోడలి నెత్తిన వేయకూడదు. భార్య కడుపును తల్లికి కానుకగా ఇచ్చేవాణ్ని మంచి కొడుకు అని నేనైతే అనను.

పిల్లలు పడుకున్నాక ఈ రాత్రే నేరుగా అడగండి. ఆ పొట్లాన్ని గూట్లోంచి ఆయన చేతే, వాళ్లమ్మ చూస్తుండగానే తీయించండి. మీరు తీస్తే గొడవ మీ మీదికి వస్తుంది.

రేపు ‘స్కానింగ్‌లో తెలుసుకుందాం’ అంటారేమో. 1994 చట్టం ప్రకారం అలా చూసి చెప్పడం నేరం, డాక్టరుకు మూడేళ్ల దాకా జైలు. భార్య ఆ పరీక్ష చేయించుకుంటే, భర్తో అత్తింటివాళ్లో ఆమెను బలవంతపెట్టారనే చట్టం ముందుగా అనుకుంటుంది. ఇదీ ఆయనకు వినిపించండి. అప్పటికీ ఒత్తిడి ఆగకపోతే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

ఈ నెల చెకప్‌కి తిరుపతి ప్రసూతి ఆసుపత్రికైనా సరే, మీ ఊళ్లో డాక్టరు దగ్గరికైనా సరే, ఆయన్నే వెంట తీసుకెళ్లండి. అత్తగారిని వద్దు. స్కూలుకు ఒక పూట సెలవు పెడితే ఏం కాదు.