సమీకరణం సరిగ్గానే ఉంది, మరి లెక్క ఎక్కడ తప్పింది?

ప్రశ్న: సార్, నేను ఇంటర్ ఫస్టియర్. 32 గ్రాముల కాల్షియం కార్బైడ్‌లో 9 గ్రాముల నీళ్లు పోస్తే ఎంత ఎసిటిలీన్ వస్తుందని స్లిప్ టెస్టులో అడిగారు. సమీకరణం తుల్యం చేస్తే కార్బైడ్ 1, నీరు 2 అని వచ్చింది కదా, అందుకని 9 గ్రాముల నీళ్లకి నాలుగున్నర గ్రాముల కార్బైడ్ అని వేశాను. సున్నా పెట్టారు. ఈ చాప్టరంటేనే టెన్షన్ వచ్చేస్తోంది.
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: తుల్యం చేసేదాకా (CaC₂ + 2H₂O → C₂H₂ + Ca(OH)₂, అంటే కార్బైడ్, నీరు కలిసి ఎసిటిలీన్, తడిసున్నం) అంతా బాగానే ఉందమ్మా, ఆ 1, 2 అంకెల్ని గ్రాములనుకున్నావు చూడు, అక్కడే దెబ్బతింది. అవి ఎన్ని అని చెప్పే అంకెలు, ఎంత బరువని కాదు. సంచి నిండా రూపాయి బిళ్లలున్నాయనుకో, ఒక బిళ్ల బరువు తెలిస్తే కూర్చుని లెక్కపెట్టక్కర్లేదు, సంచి తూచి భాగిస్తే ఎన్నున్నాయో తెలిసిపోతుంది. మోల్ అంటే డజను లాంటి ఒక లెక్క, కాకపోతే చాలా పెద్దది; ఏ పదార్థమైనా ఒక మోల్‌లో ఉండే కణాల సంఖ్య ఒకటే. మోల్ బరువుతో మనం చేసేదీ అదే.

కార్బైడ్ ఒక మోల్ 64 గ్రాములు, కాబట్టి నీ దగ్గరున్నది అర మోల్. నీళ్లు మోల్‌కి 18, అవీ అర మోలే. కానీ అర మోల్ కార్బైడ్‌కి ఒక మోల్ నీళ్లు కావాలి, ఉన్నవి సగమే. ముందు అయిపోయేది నీళ్లన్నమాట, ఇక కార్బైడ్ ఎంతుందో పట్టించుకోకు. రెండు మోల్‌ల నీళ్లకి ఒక మోల్ ఎసిటిలీన్ వస్తుంది గనక అర మోల్‌కి పావు మోల్. మోల్‌కి 26 చొప్పున ఆరున్నర గ్రాములు. 16 గ్రాముల కార్బైడ్ అడుగున అలాగే మిగులుతుంది.

అనుమానముంటే తూకం సరిచూడు. ఖర్చయినవి 16, 9 కలిపి 25. వచ్చినవి ఎసిటిలీన్ 6.5, తడిసున్నం 18.5. అదీ 25.

అన్నట్టు, మన చిత్తూరు వైపు మామిడి సీజన్‌లో కాయలు మాగడానికి వాటి మధ్య దొంగచాటుగా పెట్టే పొట్లాల్లో ఉండేది ఈ కార్బైడే. గాలిలో, కాయల్లో ఉన్న చెమ్మ కాస్తే కాబట్టి అక్కడా తక్కువపడేది నీరే, అందుకే కాయల్ని మాగబెట్టే ఎసిటిలీన్ గ్యాస్ ఒక్కసారిగా కాకుండా నెమ్మదిగా వస్తుంది. కార్బైడ్‌లో ఆర్సెనిక్ లాంటి విషాలు కొద్దిగా కలిసి ఉంటాయి, దాంతో పళ్లు మాగబెట్టడం నిషేధం కూడా.

ఇప్పుడు అదే లెక్క 27 గ్రాముల నీళ్లతో చెయ్యి. ఎసిటిలీన్ 13 గ్రాములు వచ్చి, 9 గ్రాముల నీళ్లు మిగలకపోతే నువ్వు వేసిన స్టెప్పులన్నీ రాసి పంపు, చూస్తాను.