అల్లుడూ, ముందు వాళ్లని మేనేజర్ కుర్చీలో కూర్చోబెట్టు

అల్లుడూ,

అప్పిచ్చేవాడు మనిషిని ఎలా అంచనా వేస్తాడో డిగ్రీ పిల్లలకి ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో తెలియట్లేదన్నావు కదా. నీ నోట్సు చూశాను, ఐదు 'సి'లు వరసగా రాసుకున్నావు: క్యారెక్టర్ (నడవడి), కెపాసిటీ (తీర్చే శక్తి), క్యాపిటల్ (సొంత డబ్బు), కొలాటరల్ (తాకట్టు), కండిషన్స్ (పరిస్థితులు). తప్పేం లేదు. కానీ మొదటిరోజే బోర్డు మీద రాశావంటే బట్టీ కొట్టి పరీక్షలో కక్కేసి మర్చిపోతారు. బోర్డు జోలికి పోకుండా రెండు లోన్ అప్లికేషన్లు చేతికిచ్చి, ఎవరికిస్తారో మీరే తేల్చండి అను.

ఒకాయనది పలమనేరు పక్క, ఆవులున్నాయి, పాల డబ్బులు పదిహేను రోజులకోసారి ఖాతాలో పడతాయి. ఇంకొకాయనది దామలచెరువు పక్క, తోతాపురి మామిడి తోట. ఇద్దరికీ ఖర్చులు పోను ఏడాదికి 3 లక్షలు మిగులుతాయనుకో. ఇద్దరూ సమానమే సార్ అంటారు పిల్లలు, చూడు కావాలంటే. అప్పుడడుగు, నెలకి 10,000 కంతు పెడితే ఫిబ్రవరిలో ఎవరు కడతారని. తోటాయనకి డబ్బు కళ్లజూసేది కాయ కోశాక, జూన్, జూలైల్లో. నెల కంతు 90 రోజులు దాటి ఆగిందంటే బ్యాంకు లెక్కలో అది ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. ఆయన ఎగ్గొట్టే మనిషి కాదు, కంతు పెట్టిన మనకే తెలివి లేదు. కెపాసిటీ అంటే ఎంత వస్తుందన్నది ఒక్కటే కాదు, ఎప్పుడొస్తుందన్నది కూడా అని నువ్వు చెప్పనక్కర్లేదు, వాళ్లే చెప్తారు.

నా సంగతి కూడా చెప్పు, పర్లేదు, నవ్వుకోనీ. బ్యాంకు ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక తోట చూడ్డానికి పోయాను, కొమ్మలు విరిగేంత కాపు, అది చూసి మురిసిపోయి లోన్ రాసిచ్చేశాను. తర్వాత తెలిసింది, పూత మీదే తోటని వ్యాపారికి గుత్తకిచ్చి అడ్వాన్సు వాడేసుకున్నాడని. కాయలు చూశాను గానీ ఆ కాయలు ఎవరివో అడగలేదు. ఆ బాకీ వసూలు చేయడానికి ఎన్నిసార్లు బస్సెక్కానో నాకే తెలుసు.

జీతగాళ్లది తేలిక, రెండు నిమిషాల్లో అయిపోతుంది. జీతం 60,000, పాత ఈఎంఐలు 27,000, కొత్తది ఇంకో 8,000, మొత్తం కంతులు జీతంలో ఎంత శాతమో కట్టమను. సగం దాటింది కదా, చాలామంది మేనేజర్లు అక్కడే ఫైలు పక్కన పెడతారు.

సిబిల్ స్కోరు, అదే మనిషి అప్పుల చరిత్ర చూసి సిబిల్ సంస్థ వేసే మార్కు, చివర్లో చెప్పు. ముందే చెప్తే ఇక వేరే ఏదీ తలకెక్కదు, అందరూ ఫోన్లు తీస్తారు. 300 నుంచి 900 దాకా ఉంటుంది, పాత అప్పులు, కార్డులు ఎలా కట్టారన్నదాని మీదే ఎక్కువ నడుస్తుంది, ఎప్పుడూ అప్పు చేయనివాడికి స్కోరే ఉండదు, అంతమాత్రాన చెడ్డవాడని కాదు. ఏడాదికోసారి రిపోర్టు ఉచితంగా తీసుకోవచ్చని కూడా చెప్పు. క్లాసులో మాత్రం ఎవరి స్కోరూ అడగొద్దు. స్నేహితుడి ఫోను ఈఎంఐ తన పేరు మీద తీసుకుని ఇరుక్కున్నవాడు ఒకడైనా ఉంటాడు, పాపం.

వచ్చే బుధవారం నేనే వస్తా. తోట గుత్తకిచ్చిన సంగతి దాచే రైతుగా కూర్చుంటా, నా దగ్గర నిజం ఎవరు రాబడతారో చూద్దాం. ముందే వాళ్లకి చెప్పేయకు మరి.

మీ మామ,
తిరుపతి