ఎడారి నది ఒడ్డున ఆశ్రయం: మేనల్లుడికి లేఖ

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

ఆరిజోనాలో పాత పశువుల రాంచ్ ఒకటి కొని, దాని మధ్యగా పారే నదికి రెండు వైపులా వన్యప్రాణులకు ఆశ్రయం ఏర్పాటు చేయబోతున్నావని మీ అమ్మ చెప్పినప్పుడు నాకు గర్వం కలిగింది, ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. ఉద్యోగ జీవితమంతా భూగర్భ జలాలను కొలుస్తూ గడిపినదాన్ని కనుక, ఎవరైనా నది ఒడ్డున భూమి కొన్నామంటే ఆ భూమి అడుగున నీరు ఎంత లోతులో ఉందోనన్న దిగులే నాకు ముందు పుడుతుంది.

సరిహద్దులు కొలిపించడం, పశువులు రాకుండా కంచె వేయడం, ఇప్పుడు అక్కడ ఏ పక్షులు, ఏ జంతువులు ఉన్నాయో లెక్క రాసి పెట్టుకోవడం నీకు ఒకరు చెప్పాల్సిన పనులు కావు. నదిని అడ్డంగా దాటే చోట మాత్రం కంచెను వరద తోసుకుపోయేలా తేలికగా కట్టించు.

నీటి హక్కుల సంగతి వకీలు చూసుకుంటాడులే అన్నావట. ఆ మాటకు నాకు నిజంగా కోపం వచ్చింది. నువ్వు ఫొటోలు తీసి పంపిన కాటన్‌వుడ్ చెట్లు ఆ ఎడారి వానను నమ్ముకుని నిలబడినవి కావు. ఇసుక కింద రెండు మూడు మీటర్ల లోతులో ఉన్న నీటిని వేళ్ళతో అందుకుని బతుకుతున్నవి. ఎగువన ఎవరో బోర్లు వేసి ఆ మట్టం దించేస్తే, నీ కంచె చెక్కుచెదరకుండానే లోపలి చెట్లు ఎండిపోతాయి. ఆరిజోనాలో 1980 నాటి భూగర్భ జలాల చట్టం ప్రత్యేకంగా గుర్తించిన ప్రాంతాలలోనే గట్టిగా పనిచేస్తుంది. వాటి బయట భూమి గలవాడు నీరు తోడుకుంటే అడ్డుకునే దారులు చాలా తక్కువ. 1976లో అమెరికా సుప్రీం కోర్టు నెవాడాలోని డెవిల్స్ హోల్ అనే నీటి గుహలో బతికే చేపల కోసం పక్క పొలం వాళ్ళు తోడే నీటికి హద్దు పెట్టింది నిజమే, కానీ అది ఫెడరల్ ప్రభుత్వం తన భూమికి కేటాయించుకున్న నీటి హక్కు మీద నిలిచిన తీర్పు. ప్రైవేటు భూమి కొనే నీకు ఆ అండ దొరకదు. ఆరిజోనాలోనే శాన్ పెడ్రో నది వెంట 1988లో రక్షిత ప్రాంతం ఏర్పరచినప్పుడు అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ నీటి హక్కును చట్టంలోనే రాసింది; అయినా ఆ హక్కు ఎంత నీటికో కోర్టులో తేలడానికి దశాబ్దాలు పట్టింది.

అందుకని ఎగువ పొరుగువారితో ఇప్పుడే స్నేహం చెయ్యి. బోర్ల నుంచి ఇంతకు మించి తోడబోమని వాళ్ళు డబ్బు తీసుకుని రాసిచ్చే శాశ్వత ఒప్పందాలు, నువ్వు కొనాలనుకుంటున్న ఇంకో వంద ఎకరాల కంటే విలువైనవి. ఇంకొక సంగతి: ఆ రాంచ్‌కు నది నుంచి సాగునీటి హక్కు ఉంటే, సాగు ఆపేశామన్న సంతోషంలో దాన్ని వదిలేయకు. అక్కడ ఉపరితల నీటి హక్కును వరుసగా ఐదేళ్ళు వాడకపోతే అది రద్దయ్యే ప్రమాదం ఉంది. ఆ నీటిని నదిలోనే ఉంచే దారి ఏమిటో తేల్చుకున్నాకే కాలువ మూయించు. చిన్నప్పుడు ఏటి ఇసుకలో చెలమ తవ్వి, నీరు ఊరేదాకా అన్నానికి కూడా లేవకుండా కూర్చునేవాడివి. ఆ ఓపికే ఇప్పుడు భూగర్భ నీటి మట్టం కొలిచే పరిశీలక బావుల దగ్గర చూపించు. కనీసం ఒక ఏడాది మట్టాలు రాయకుండా ఒక్క మొక్క కూడా నాటవద్దు.

ఇక ఆసియా నుంచి వచ్చి అక్కడి నదుల ఒడ్డున అల్లుకుపోయిన టామరిస్క్ చెట్టు గురించి. రాగానే బుల్‌డోజర్లతో మొత్తం పీకించేస్తానన్నావని విని, చాలా కాలం క్రితం జరిగిన తప్పు మళ్ళీ జరగబోతోందని భయపడ్డాను. న్యూ మెక్సికోలో పెకోస్ నది వెంట 1967 నుంచి వేల ఎకరాలలో ఈ చెట్టును తొలగించారు. ఒక్కో చెట్టు రోజుకు 200 గ్యాలన్ల నీరు తాగుతుందన్న మాట ఆ కాలంలో నోటినోటా తిరిగేది. చెట్టు పోతే ఆ నీరంతా నదిలో కలుస్తుందని లెక్క వేశారు. తీరా ప్రవాహం కొలిచి చూస్తే ఆశించిన నీటి జాడ దొరకలేదు. ఖాళీ అయిన నేల నుంచి నీరు ఆవిరైంది, తిరిగి మొలిచిన మొక్కలు తమ వంతు తాగాయి. టామరిస్క్ కూడా దాదాపు కాటన్‌వుడ్, విల్లో చెట్లంత నీరే వాడుతుందని తరువాతి కొలతలు చూపించాయి. 200 గ్యాలన్ల మాట మాత్రం సమావేశాలలో ఎంత కాలం వినిపించిందో! ఎవరైనా కాదంటే నదికి ద్రోహం చేస్తున్నట్టు చూసేవారు. ఈలోగా 1995లో అంతరించే జాతుల జాబితాకెక్కిన నైరుతి విల్లో ఫ్లైక్యాచర్ అనే చిన్న పిట్ట, విల్లోలు లేని చోట్ల ఈ టామరిస్క్‌లోనే గూళ్ళు కట్టుకుంటోందని తేలింది. టామరిస్క్‌ను అదుపు చేయడానికి దాని ఆకులు తినే పురుగులను 2001లో ఆరుబయట వదిలారు. అవి ఆ పిట్ట ఉండే చోట్లకు చేరడంతో 2010లో ఆ కార్యక్రమం ఆపవలసి వచ్చింది. ఆసియాలో తన సొంత నదుల ఒడ్డున టామరిస్క్ ఒక మామూలు పొద, అంతే. నువ్వు ముక్కలు ముక్కలుగా తొలగించు, పక్కన విల్లో ఎదిగాకే తరువాతి ముక్కకు వెళ్ళు.

కాటన్‌వుడ్ విత్తనానికి కొన్ని వారాలే ప్రాణం. వరద తీసిన తడి ఇసుక మీద పడి, నీటి మట్టం రోజుకు రెండున్నర సెంటీమీటర్లకు మించకుండా దిగితేనే దాని వేరు వెంబడించగలదు. వరదను శత్రువుగా చూడవద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కానీ ఆ వరదే నా అసలు భయం. జూలై నుంచి సెప్టెంబరు దాకా, నీ నెత్తిన ఆకాశం నిర్మలంగా ఉన్నా, ఎగువ కొండల్లో కురిసిన వాన దుంగలనూ బురదనూ మోసుకుంటూ నిమిషాలలో వచ్చి పడుతుంది. ఎండిన పాయలో గుడారం వేయకు, బండి నిలపకు, పనివాళ్ళను ఒంటరిగా పంపకు. నువ్వు ఏ పాయలో ఉన్నావో గట్టు మీద ఒక మనిషికి తెలిసి ఉండాలి. నవ్వుతావని తెలుసు. నవ్వుకో, కానీ ఈ ఒక్క మాట విను.

కొనుగోలు పత్రం మీద సంతకం చేసే ముందు నీటి హక్కు కాగితాల నకళ్ళు, చుట్టుపక్కల బోర్ల లోతుల వివరాలు నాకు పంపు. కళ్ళజోడు మార్పించుకున్నాను, చదవగలను. అవి చూశాక ప్రయాణానికి తేదీ చెబుతాను. పరిశీలక బావులు ఎక్కడ వేయాలో నేనే వచ్చి చూపిస్తాను.

ఇట్లు,
మీ అత్తయ్య