ఆ బాస్ జోలికి అప్పుడే పోకు అల్లుడూ

అల్లుడూ,

మొన్న రాత్రి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. మీ కంపెనీ వీడియో గేమ్‌లో పన్నెండో లెవెల్ బాస్ దగ్గరికి, అంటే అక్కడ అడ్డుపడే పెద్ద శత్రువు దగ్గరికి రాగానే జనం మానేసి పోతున్నారు, బాస్ హెల్త్, అదే వాడు దెబ్బలు తట్టుకునే బలం, సగానికి తగ్గించేద్దామా అని సోమవారం మీటింగ్‌లో నిన్నే అడుగుతారు. అంతేగా? ఫోన్‌లో చెబుదామంటే మీ అత్తయ్య మధ్యలో లాక్కుని పెళ్లి సంబంధాల్లోకి దిగుతుంది, అందుకే రాస్తున్నాను. తగ్గించకు. కనీసం ఈ సోమవారం తగ్గించకు.

1999లో ఎవర్‌క్వెస్ట్ అనే ఆన్‌లైన్ ఆట వచ్చేనాటికి నేను వైటూకే పని మీద, అంటే 2000 సంవత్సరం తేదీకి కంప్యూటర్లు తికమక పడకుండా సరిచేసే పని మీద, న్యూజెర్సీలో ఉన్నాను. అపార్ట్‌మెంట్లో నలుగురం, ఒకటే డయలప్ లైను. ఆ ఆటలో చస్తే సంపాదించుకున్న ఎక్స్‌పీరియన్స్ పాయింట్లలో కొంత పోయేది. అది సరే. నీ కత్తి, కవచం, సంచీ అన్నీ శవం దగ్గరే ఉండిపోయేవి. నువ్వు ఎక్కడో దూరాన ఒట్టి చేతులతో లేచి, అంత దూరం పరిగెత్తి, నీ శవాన్ని నువ్వే వెతుక్కోవాలి.

కిథికార్ అని ఒక అడవి ఉండేది. పగలు దాటేస్తే ఏమీ కాదు. చీకటి పడితే మాత్రం చచ్చి లేచినవాళ్లు తిరుగుతారు, నా లెవెల్ వాడికి వాళ్ల ముందు రెండు దెబ్బలు కూడా ఎక్కువే. నేను తొందరపడి రాత్రే దూరాను. చచ్చాను. శవం కోసం వెళ్లి మళ్లీ చచ్చాను. ఇక చేసేదేమీ లేక అడవి అంచున నిలబడి, దారిన పోయేవాళ్లని చాట్‌లో బతిమాలడం మొదలుపెట్టాను. చివరికి ఒక నెక్రోమాన్సర్, అంటే శవాల మంత్రగాడి పాత్రలో ఆడేవాడు, ఆగాడు. శవాన్ని తన కాళ్ల దగ్గరికి రప్పించే మంత్రం వాళ్లకి ఉండేది. నా సామాను నాకు ఇప్పించి, డబ్బు ఇవ్వబోతే వద్దని, "తెల్లారేదాకా ఇక్కడే కూర్చో, నేనూ కూర్చుంటా" అన్నాడు. అతని అసలు పేరు ఈనాటికీ తెలీదు. ఆ తర్వాత ఏడాదిన్నర కలిసి ఆడాం.

ఆ అడవి చంపకపోయి ఉంటే నేను అతనికి హలో కూడా చెప్పేవాణ్ణి కాదు. నీకు చెప్పాలనుకున్నది ఇదే. ఒంటరిగా ఆడే ఆటలో కష్టం ఆటగాడికీ ఆటకీ మధ్య వ్యవహారం. పదిమంది ఆడే ఆటలో పక్కవాడి అవసరాన్ని పుట్టించేది ఆ కష్టమే. ఎవరికి వాళ్లే అన్నీ చేసుకోగలిగితే, ఒకే సర్వర్‌లో వేలమంది ఉన్నా అది బస్టాండే, ఊరు కాదు.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఇంకో ఆన్‌లైన్ ఆట దీనికి మంచి సాక్ష్యం. 2004 నవంబర్‌లో వచ్చింది. అప్పట్లో పెద్ద రెయిడ్లకి, అంటే గుంపుగా బాస్‌ల మీద చేసే దాడులకి, నలభైమంది కావాలి. రగ్నరోస్ అనే నిప్పుల బాస్ దగ్గర నేను హీలర్‌ని, మనవాళ్ల గాయాలు మాన్పేవాణ్ణి. వాడు దగ్గరున్నవాళ్లని ఎగరేసి లావాలో పడేస్తాడు, మూడు నిమిషాలకి లావాలో మునిగి ఎనిమిదిమంది కొడుకుల్ని మన మీదికి వదులుతాడు. ఒక శనివారం సరిగ్గా ఆ కొడుకులు వచ్చే వేళకి కుక్కర్ మూడో కూత వేసింది. నేను లేచి స్టవ్ కట్టేసి వచ్చేసరికి ముందు నిలబడి దెబ్బలు కాచే మా ట్యాంక్ నేల మీద ఉన్నాడు, మిగతా ముప్ఫై ఎనిమిదిమంది నన్ను తిడుతున్నారు. వాళ్లలో ఇద్దరు ఇప్పటికీ సంక్రాంతికి మెసేజ్ పెడతారు, సంక్రాంతి అంటే ఏమిటో తెలియకపోయినా.

2009 డిసెంబర్‌లో అదే ఆటలోకి డంజన్ ఫైండర్ వచ్చింది. బటన్ నొక్కితే వేర్వేరు సర్వర్ల నుంచి ఐదుగురు పోగై నేరుగా డంజన్‌లో, అంటే ఐదుగురు కలిసి దాటాల్సిన రాక్షసుల గుహలో, పడతారు. ఊరి మధ్య నిలబడి హీలర్ కావాలని అరిచే బాధ తప్పింది. నాకూ సుఖంగానే అనిపించింది, అబద్ధం ఎందుకు. కానీ ఇరవై నిమిషాల్లో పని అయిపోయేది, ఎవరూ నోరు విప్పేవాళ్లు కాదు, వాళ్లు మళ్లీ కనిపించేవాళ్లూ కాదు. ఏడాది తర్వాత కాటాక్లిజం అనే ఆ ఆట కొత్త విడతలో డంజన్లని మళ్లీ గట్టి చేశారు. అప్పుడు గొడవ మొదలైంది. కష్టం వెనక్కి వచ్చింది గానీ దాన్ని కలిసి మోసే మనుషులు రాలేదు. ముక్కూమొహం తెలియని నలుగురితో మూడుసార్లు చస్తే ఎవడు ఆగుతాడు, నాలుగోసారికి చెప్పకుండా వెళ్లిపోతాడు. తర్వాత వాటిని తగ్గించాల్సి వచ్చింది. కాబట్టి మీ బాస్ దగ్గర జనం ఎవరితో కలిసి చస్తున్నారో ముందు చూడు.

కష్టం వేరు, చాకిరీ వేరు. నాలుగొందల పందుల్ని చంపమనడం చాకిరీ, దాన్ని మొహమాటం లేకుండా తీసెయ్. దారి లేని కష్టం అంతకంటే పాపం. అదే వార్‌క్రాఫ్ట్‌లో క్థూన్ అనే బాస్‌ని పెట్టారు, దిద్దుబాటు చేశాకే 2006 ఏప్రిల్‌లో మొదటిసారి పడ్డాడు. అంతవరకూ తలలు బద్దలుకొట్టుకున్నవాళ్ల ఉసురు ఊరికే పోదు.

మా కాలం గొప్పదని చెబుతున్నాననుకోకు. రగ్నరోస్ మొదటిసారి పడటానికి ఆట విడుదలైన నాటి నుంచి ఐదు నెలలు పట్టింది. 2019లో పాత ఆటనే క్లాసిక్ పేరుతో మళ్లీ తెరిస్తే వారం తిరక్కుండానే పడేశారు. బాస్ వాడే, లావా అదే. మనకి అప్పట్లో ఏమీ తెలియదు, పెద్ద తేడా అదే. మీరు కూడా బాస్ హెల్త్ పెంచడమే కష్టం అనుకోకండి. ఆటగాడు కనిపెట్టాల్సింది ఏదో ఒకటి ఉండాలి.

ఇక్కడికి తిరిగొచ్చాక ఒక కంపెనీలో నేను కూడా నీ కుర్చీలోనే కూర్చున్నాను. ఫిర్యాదులు ఎక్కువయ్యాయని ఒక బాస్‌ని పిల్లిని చేసేశాను. ఫిర్యాదులు ఆగాయి, టీమ్‌కి బిర్యానీ పెట్టించారు. నెలన్నర తర్వాత ఆటగాళ్ల జట్లు మాట్లాడుకునే గిల్డ్ చాట్ తెరిచి చూస్తే ఒక్క ప్రశ్న లేదు. "రాత్రి తొమ్మిదికి వస్తున్నారా?" అనేది కూడా ఆగిపోయింది. ఆ తర్వాత ఇంకో ఘనకార్యం చేశాం. బాస్‌ని మళ్లీ గట్టి చేసి, పక్కనే ఆటలో గెలిపించే మందుని నిజం డబ్బుకి అమ్మాం. దాని గురించి రాయడానికి కూడా సిగ్గేస్తోంది. మీవాళ్లు ఆ మాట ఎత్తితే అక్కడే అడ్డుపడు.

సోమవారం లోపు ఒక పని చెయ్. ఆట ఎప్పుడూ చూడని ఐదుగుర్ని కూర్చోబెట్టి, వెనక నిలబడి చూడు. సాయం చెయ్యకు, అదే అన్నిటికంటే కష్టం. చచ్చాక వాళ్ల నోటి నుంచి వచ్చే మొదటి మాట రాసుకో. "అబ్బా, పక్కకి జరగాల్సింది" అంటే బాస్ బాగున్నాడు. "ఇప్పుడేమైంది?" అంటే తప్పు మీది. దెబ్బ వచ్చే ముందు కనిపించే గుర్తు చాలట్లేదు, దాన్ని దిద్దు, హెల్త్ ముట్టుకోకు. ఆ బాస్ గుమ్మంలో నలుగురు ఆగి మాట్లాడుకోవడానికి కాస్త చోటు ఉందో లేదో కూడా చూడు. ఇప్పుడు లేదేమోనని నా అనుమానం.

ఆదివారం భోజనానికి వచ్చెయ్. అత్తయ్య గుత్తివంకాయ చేస్తానంది. లాప్‌టాప్ మర్చిపోకుండా తీసుకురా. ఐదుగుర్లో మొదటివాణ్ణి నేనే, చచ్చి చూపిస్తాను.

మీ మామయ్య