ఆటల పెట్టె: కింగ్ ఆఫ్ ఫైటర్స్ మీద మీ ప్రశ్నలు

కిందటి నెల మా నాన్న తెనాలిలో నడిపిన వీడియో గేమ్ షాపు గురించి నాలుగు మాటలు రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే ఆట గురించి. అందుకే ఈసారి ఈ పేజీ మొత్తం 'కింగ్ ఆఫ్ ఫైటర్స్'కే ఇస్తున్నాను.

ప్ర: మేడమ్, చిన్నప్పుడు మేం ముగ్గురు ముగ్గురుగా జట్టు కట్టి కొట్టుకునే ఆట ఆడేవాళ్లం. మొన్న మా అబ్బాయి దాన్ని ఫోన్‌లో చూసి, "ఇందులో వేరే వేరే ఆటలవాళ్లు ఉన్నారట కదా నాన్నా, అందరినీ ఎందుకు కలిపారు?" అని అడిగాడు. నాకు తెలియలేదు. చెబుతారా?
— ఒక పాఠకుడు, కాకినాడ

జ: మీ అబ్బాయికి నా తరఫున శభాష్ చెప్పండి. కౌంటర్ దగ్గర స్టూలు మీద కూర్చుని చిల్లర ఇచ్చిన నాకే ఆ ప్రశ్న చాలా ఏళ్లు తట్టలేదు.

ఆ ఆట జపాన్‌లో ఒసాకాకు చెందిన ఎస్‌ఎన్‌కే కంపెనీది. మొదటి భాగం 1994లో వచ్చింది. అందులో టెర్రీ, ఆండీ, జో ముగ్గురూ 1991 నాటి 'ఫాటల్ ఫ్యూరీ' అనే ఆటవాళ్లు. రియో, రాబర్ట్ 1992 నాటి 'ఆర్ట్ ఆఫ్ ఫైటింగ్' వాళ్లు. రాల్ఫ్, క్లార్క్ ఇంకా పాతవాళ్లు. 1986లో వచ్చిన 'ఇకారి వారియర్స్' అనే తుపాకుల ఆటలో, పైనుంచి చూస్తున్నట్టు చిన్నగా కనిపించే ఇద్దరు సైనికులు వాళ్లే. ఇక్కడికి వచ్చేసరికి తుపాకులు పక్కన పెట్టి చేతులతో పట్టి విసరడం మొదలుపెట్టారు. అథీనా 1987 నాటి 'సైకో సోల్జర్' నుంచి వచ్చింది. ఇలా ఒకే ఇంట్లో వేర్వేరు గదుల్లో ఉన్నవాళ్లందరినీ పెళ్లికి పిలిచినట్టు ఒక పందిరి కిందికి తెచ్చారు. అసలు 'కింగ్ ఆఫ్ ఫైటర్స్' అనేది ఫాటల్ ఫ్యూరీ కథలో జరిగే పోటీ పేరు. ఆ పేరే కొత్త ఆటకు పెట్టారు.

ఒక ఏడాది ముందే దీనికి చిన్న ప్రయత్నం జరిగింది. 1993లో 'ఫాటల్ ఫ్యూరీ స్పెషల్'లో రియోని చివర్లో దాచిపెట్టారు. బాగా ఆడినవాళ్లకే ఎదురుపడేవాడు. పక్క ఆటలోని మనిషి హఠాత్తుగా ఈ ఆటలో కనిపిస్తే ఎంత సంతోషమో ఊహించండి!

అయితే కలపడంలో ఒక చిక్కు ఉంది. ఆర్ట్ ఆఫ్ ఫైటింగ్ కథ 1970ల చివర్లో నడుస్తుంది, ఫాటల్ ఫ్యూరీ కథ 1990లలో. లెక్క ప్రకారం టెర్రీ కుర్రవాడిగా ఉన్నప్పటికి రియోకి నడివయసు రావాలి. ఎస్‌ఎన్‌కే వాళ్లు ఆ లెక్క వదిలేసి, అందరూ ఒకే కాలంలో ఉండే వేరే కథ రాసుకున్నారు. నాకది తప్పనిపించదు. వాళ్లిద్దరూ మంచి వయసులో ఎదురెదురుగా నిలబడితే చూడాలని అందరికీ ఉంటుంది కదా.

మీ అబ్బాయికి ఇంకొకటి కూడా చెప్పండి. ఈ ఆట ప్రాణమంతా ఆ ముగ్గురి జట్టులోనే ఉంది. మిగతా ఫైటింగ్ ఆటల్లో రెండు రౌండ్లు ఓడితే అయిపోయినట్టే. ఇందులో మొదటివాడు పడిపోతే రెండోవాడు వస్తాడు. గెలిచినవాడు మాత్రం మిగిలిన బలంతోనే, కాస్త కోలుకుని, తర్వాతివాడితో తలపడాలి. అంటే ఓడిపోతున్నవాడు కూడా పోతూ పోతూ ఒక్క దెబ్బ ఎక్కువ కొడితే అది వెనకాల వచ్చేవాడికి ఉపయోగమే. ఇద్దరు పోయాక మూడోవాడు ఒక్కడే అవతలి ముగ్గురినీ పడగొట్టిన రోజున మా షాపులో అరుపులకు పక్క కిరాణా కొట్టు ఆయన బయటికి వచ్చి చూసేవాడు. అలాంటి ఆట మధ్యలో కరెంటు పోయిందంటే పిల్లల ముఖాలు చూడలేకపోయేదాన్ని. మెషిన్ మళ్లీ మొదటి నుంచి మొదలయ్యేది. నాన్న ఏమీ అనకుండా డ్రాయర్ తీసి వాళ్ల రూపాయి వాళ్లకు తిరిగి ఇచ్చేవారు.

ప్ర: ఇది స్ట్రీట్ ఫైటర్‌కి కాపీ అంటాడు మా ఫ్రెండ్. నిజమేనా?
— ఒక పాఠకుడు, గుంటూరు

జ: కాదు. 1987లో క్యాప్‌కామ్ అనే కంపెనీలో మొదటి స్ట్రీట్ ఫైటర్‌ను డైరెక్ట్ చేసిన తకాషి నిషియామా, ఆ తర్వాత ఎస్‌ఎన్‌కేకి వెళ్లి ఫాటల్ ఫ్యూరీ చేశారు. ఆ పోలిక అక్కడి నుంచి వచ్చింది. చుట్టరికం అనండి, ఒప్పుకుంటాను.

ప్ర: అక్కా, నేను కొత్తగా నేర్చుకుంటున్నాను. 97 మంచిదా, 98 మంచిదా? ముగ్గురిలో ఎవరిని చివర పెట్టాలి? ఆన్‌లైన్‌లో వరసగా ఓడిపోయి టెన్షన్ వచ్చేస్తోంది.
— బీటెక్ విద్యార్థి, హైదరాబాద్

జ: తమ్ముడూ, 98తో, అంటే ఈ ఆటలో 1998లో వచ్చిన భాగంతో మొదలుపెట్టు. 97లో కథ గొప్పది కానీ, కొందరు మరీ బలంగా ఉంటారు, తెలిసినవాడి చేతిలో కొత్తవాడు బతకడు. 98కి కథ లేదు. అప్పటిదాకా వచ్చిన మంచి ఆటగాళ్లను, కథలో చనిపోయినవాళ్లతో సహా, పిలిచి పెట్టిన పోటీ అది. ఎక్కువమంది సమవుజ్జీలు. 'అల్టిమేట్ మ్యాచ్ ఫైనల్ ఎడిషన్' అనే పెద్ద రూపం కంప్యూటర్ మీద స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో దొరుకుతుంది.

అసలు 98 అడ్వాన్స్‌డ్, ఎక్స్‌ట్రా అని రెండు మోడ్‌లు అడుగుతుంది. అడ్వాన్స్‌డ్ తీసుకో. కొడుతూ ఉంటే పవర్ నిండుతుంది, పరుగెత్తొచ్చు, దొర్లి తప్పించుకోవచ్చు. నిండిన పవర్ నీ జట్టులో తర్వాతివాడికి కూడా అందుతుంది. అందుకే పవర్ ఖర్చు చేయకుండా కూడా నెగ్గుకు రాగలిగేవాడిని మొదట పెట్టు, పవర్ ఉంటే చెలరేగేవాడిని చివర పెట్టు. చాలామంది తమకు బాగా వచ్చినవాడిని మొదటే దింపి, వాడు పోగానే చేతులు ఎత్తేస్తారు. నాకు తెలిసి కొత్తవాళ్లు చేసే పెద్ద పొరపాటు అదే. మూడు వారాలు ఒకే ముగ్గురితో ఆడి, నాకు మళ్లీ రాయి.

ప్ర: ఈ ఆటలో క్యో, ఇయోరి అనే ఇద్దరికి అంత పగ ఎందుకు? వాళ్ల కథలో వచ్చే ఒరోచి అనేది నిజంగా జపాన్ పురాణంలో ఉందా? మా తమ్ముడూ నేనూ ఇక్కడ ఇప్పటికీ దీని మీద వాదించుకుంటాం.
— ఒక పాఠకురాలు, డాలస్

జ: ఉందండీ. క్రీ.శ. 712లో పూర్తయిన 'కోజికి' గ్రంథంలో యమాత నో ఒరోచి అనే ఎనిమిది తలల పాము కథ ఉంది. సుసానోవో అనే దేవుడు దానికి ఎనిమిది తొట్ల నిండా సారా పోయించి, అది మత్తులో పడ్డాక నరికేస్తాడు. తోకలో ఒక కత్తి దొరుకుతుంది. అదే కుసనాగి. ఆ కత్తి, ఒక అద్దం, ఒక మణి కలిపి జపాన్ చక్రవర్తుల మూడు పవిత్ర వస్తువులు.

ఆట రాసినవాళ్లు ఆ మూడింటినీ మూడు వంశాలుగా చేశారు. కత్తి వంశంవాడు క్యో కుసనాగి. అద్దం చిజురుది. మణి వంశం యసకాని, అంటే ఇయోరి వాళ్లు. 1800 ఏళ్ల కిందట ముగ్గురూ కలిసి ఒరోచిని బంధించారు. 660 ఏళ్ల కిందట మణి వంశం కుసనాగుల మీద పగతో ఒరోచితోనే చేతులు కలిపి, పేరు యగామి అని మార్చుకుంది. క్యో మంట ఎర్రగా, ఇయోరి మంట ఊదాగా ఎందుకుంటుందో దీనితో తెలుస్తుంది. ఆ శక్తికి బదులుగా యగాములు చిన్న వయసులోనే పోతారు. మన దాయాదుల పగలాగే, మొదలెక్కడో ఎవరికీ గుర్తు లేకపోయినా కత్తులు దించరు.

ఇయోరి రెండు మోకాళ్లకూ మధ్య పట్టీ ఎందుకు కట్టుకుంటాడని మా షాపులో పిల్లలు రోజూ అడిగేవారు. కాళ్లు కట్టేసుకుని కూడా కొట్టగలడు అని నేను చెప్పేదాన్ని. అది నేను అల్లిన కథే. వాడి వీపు మీద చంద్రవంక, క్యో చొక్కా వెనక సూర్యుడు మాత్రం నిజంగా ఉన్నాయి, ఈసారి ఆపి చూడండి. మీ తమ్ముడితో కలిసి 97లో క్యో, ఇయోరి, చిజురు ముగ్గురినీ ఒకే జట్టుగా తీసుకుని గెలవండి. ప్రత్యేకమైన ముగింపు వస్తుంది. అదేమిటో చెప్పను.

ప్ర: మీకు ఇష్టమైన జట్టు ఏది మేడమ్?
— ఒక పాఠకురాలు, వరంగల్

జ: 98లో ఒక జట్టు ఉంది. హైడెర్న్, తకుమా, సైషు. తకుమా రియోకి, యూరికి తండ్రి. సైషు క్యో తండ్రి. హైడెర్న్ భార్యనూ కూతురినీ రుగల్ అనే విలన్ చంపేశాడు, తర్వాత హైడెర్న్ లియోనా అనే అమ్మాయిని తెచ్చి పెంచుకున్నాడు. ముగ్గురూ నాన్నలే.

పగలంతా మా నాన్న ఒక్క ఆట కూడా ఆడేవారు కాదు. పిల్లలకు మెషిన్ ఖాళీ ఉండాలనేవారు. రాత్రి షట్టర్ సగం దించాక నన్ను పక్కన నిలబెట్టుకుని ఆ ముగ్గురినే తీసుకునేవారు. బటన్లు నెమ్మదిగా నొక్కేవారు, సగం సార్లు దెబ్బ తప్పిపోయేది. చివరివాడిగా ఎప్పుడూ హైడెర్న్‌నే పెట్టేవారు. ఎందుకని అడిగితే, "వాడికి పోగొట్టుకోడానికి ఇంకేం లేదమ్మా, బాగా ఆడతాడు" అన్నారు ఒకసారి. నా జట్టూ అదే, అదే వరసలో.